జువారీ ఒడ్డున గురువిద్యాలయం

గుంటూరులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నంద్యాల, గుంతకల్లు, బళ్లారి, హుబ్బళ్లి దాటి, కాజిల్‌రాక్ దగ్గర పడమటి కనుమల్లోకి దిగి, దూధ్‌సాగర్ జలపాతం పక్కగా మడ్‌గావ్ చేరుస్తుంది. పెట్టెలో చాలామంది సముద్రం కోసం వస్తున్నవాళ్లే. కలంగూట్ వెళ్లాలా, కోల్వాలో దిగాలా అని దారి పొడుగునా చర్చ సాగింది. నా ప్రయాణం మాత్రం రాచోల్‌కు. మడ్‌గావ్ నుంచి పది కిలోమీటర్లు కూడా ఉండదు. నాలుగు వందల ఏళ్లు దాటిన ఒక క్రైస్తవ విద్యాలయం అక్కడ ఉంది. 1762 నుంచి కతోలిక గురువులకు తత్వశాస్త్రం, వేదశాస్త్రం చెప్పి తయారుచేస్తున్న గురువిద్యాలయం అది. అంతకుముందు అది జెస్విట్లు అనే కతోలిక గురుసభ నడిపిన కళాశాల. 1616లో పదకొండు వేల ఓవీ పద్యాల మరాఠీ కావ్యం ఒకటి ఆ గోడల మధ్యే అచ్చయింది. రాసింది ఇంగ్లండులో పుట్టిన ఒక గురువు.

నన్ను అక్కడికి లాగింది ఆ కావ్యమే. మన భాషలోనూ అలాంటి కావ్యాలున్నాయి. పింగళి ఎల్లనార్యుడి తోభ్య చరిత్రము, మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనము పేర్లు తెలుగు సాహిత్య చరిత్రలు చదివినవాళ్లకు తెలుసు. బైబిలు కథను ప్రబంధ పద్ధతిలో, మన ఛందస్సులో చెప్పిన పుస్తకాలవి. బయటి నుంచి వచ్చిన మతం ఒక నేల భాషలో కవిత్వం చెప్పాలంటే దాని వెనుక ఎవరో ఒకరు కూర్చుని ఆ భాషను ఓపికగా నేర్చుకుని ఉండాలి. అలా నేర్చుకున్న చోటు ఎలా ఉంటుందో ఒకసారి చూడాలనిపించింది.

మడ్‌గావ్ నుంచి రాయ్ అనే ఊరి మీదుగా దారి. కొబ్బరితోటలు, ఎర్రటి జంబిటిక రాతి ప్రహరీలు, పెంకుటిళ్లు, ఇంటింటి ముందూ తెల్ల సున్నం వేసిన శిలువ. ఊరు దాటాక వరిమళ్లు, వాటి చివర చిన్న గుట్ట. గుట్టకు అవతల జువారీ నది. ఆటో ఒక పాత రాతి కమాను కిందుగా వెళ్లింది. ఒకప్పుడు వంద ఫిరంగులతో నిలిచిన రాచోల్ కోటలో ఇప్పుడు చెప్పుకోదగ్గట్టు మిగిలింది ఆ కమానే. ఊరివాళ్లు రాయ్‌తూర్ అని పిలుచుకునే ఈ కోటకు మనతోనూ ఒక సంబంధం ఉంది. 1520లో శ్రీకృష్ణదేవరాయల సేనలు దీన్ని బీజాపూర్ ఆదిల్‌షాహీల చేతి నుంచి తీసుకుని పోర్చుగీసులకు అప్పగించాయని గోవా చరిత్రకారులు రాస్తారు. అదే ఏడు రాయలు రాయచూరు దగ్గర ఆదిల్‌షాను ఓడించాడు. పడమటి తీరంలో శత్రువుకు పక్కలో బల్లెంలా ఒక స్నేహితుడు ఉండాలన్నది ఆనాటి రాజనీతి. ఆ స్నేహితుడు ఆ నేల మీద నాలుగున్నర శతాబ్దాలు ఉండిపోతాడని ఎవరూ ఊహించి ఉండరు. 1543 నాటికి సాష్టి, బార్దేశ్ ప్రాంతాలు పోర్చుగీసుల వశమయ్యాయి. రాచోల్ కోట సాష్టికి కాపలా అయింది.

ఆ కాపలా మొదటి తరంలో ఏం జరిగిందో దాచకుండా చెప్పుకోవాలి. 1567లో ఈ కోట కెప్టెన్ దియోగో రొడ్రిగెస్ ఆధ్వర్యంలో సాష్టి అంతటా గుళ్లను కూల్చారు, తగలబెట్టారు. దేవతామూర్తులను కాపాడుకోవాలని జనం రాత్రికి రాత్రి పడవల మీద జువారీ దాటించారు. అవతలి ఒడ్డున ఉన్న ఫోండా ప్రాంతం అప్పటికి పోర్చుగీసుల ఏలుబడిలో లేదు. మంగేశీ, శాంతాదుర్గ వంటి పేరున్న దేవళాలు ఇవాళ ఫోండా చుట్టుపక్కలే గుంపుగా కనిపించడానికి కారణం ఇదే. నేను దాటివచ్చిన రాయ్ గ్రామంలోని కామాక్షీ దేవి కూడా అలాగే నది దాటి శిరోడా చేరింది. ఈ విద్యాలయం కట్టిన చోట ఒక శివాలయం ఉండేదనీ, లోపలి ముంగిట కింద ఉన్న పెద్ద నీటి తొట్టి ఆ ఆలయపు కోనేరేననీ ఇక్కడివాళ్లు చెబుతారు.

ఈ నేపథ్యం మనసులో ఉంచుకునే గురువిద్యాలయం మెట్లెక్కాను. దూరం నుంచి చూస్తే గుట్ట మీద తెల్లటి పొడవైన మూడంతస్తుల కట్టడం, పక్కనే ఆనుకుని చర్చి. ఇక్కడ వంద మంది దాకా చదువుకోవచ్చు, నివసించవచ్చు. చూడడానికి వచ్చినవాళ్లు ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇది పాఠాలు నడుస్తున్న ఇల్లు. దీన్ని ప్రదర్శనశాలలా చూడకూడదు. తలుపు దగ్గర గంట మోగించాను. తెల్లని చొక్కా వేసుకున్న యువకుడు వచ్చి, ఎక్కడి నుంచి వచ్చారని హిందీలో అడిగాడు. వేదశాస్త్రం చదువుతున్న విద్యార్థి. ఇక్కడ విద్యార్థులను ‘బ్రదర్’ అని పిలుస్తారు, మన హైదరాబాద్ రామంతాపూర్ సెమినరీలోనూ అంతే. పేరు రాయవద్దని కోరాడు కాబట్టి నేనూ బ్రదర్ అనే అంటాను.

లోపల నాలుగు వైపులా వసారాలు, నడుమ చతురస్రపు ముంగిలి. గోడలు మూడు నాలుగడుగుల మందం. సున్నం పెచ్చులూడిన చోట జంబిటిక రాయి కనిపిస్తుంది. ఎర్రగా, తేనెపట్టులా కన్నాలు కన్నాలుగా ఉంటుంది ఆ రాయి. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. ఒక కిటికీ దగ్గర ఆగి దాన్ని దగ్గర నుంచి చూశాను. చెక్క చట్రంలో అరచేయంత పలకలు వరసగా బిగించి ఉన్నాయి. చూస్తే అద్దం కాదు, ముత్యపు చిప్ప. సముద్రపు చిప్పలను పలుచగా నున్నగా చేసి, అంచులు చతురస్రంగా కోసి, చట్రపు గాడుల్లోకి జారుస్తారు. అద్దం అరుదైన రోజుల్లో గోవాలో చాలా ఇళ్లకు ఇలాంటి కిటికీలే పెట్టుకున్నారు. ఎండ లోపలికి వస్తుంది, కంటికి గుచ్చుకోదు. చదువుకునే గదికి ఇంతకంటే మంచి వెలుతురు ఉండదు. యూరపు నమూనాలో కట్టిన ఇంటికి స్థానిక పనివాడు తన సముద్రం నుంచి కిటికీలు తెచ్చి పెట్టాడు. ఈ కట్టడం చరిత్ర అంతా నాకు ఆ కిటికీ దగ్గరే అర్థమైంది. వచ్చినవాళ్లు తెచ్చింది ఎంతో, ఇక్కడి చేతులు ఇచ్చింది కూడా అంతే.

కతోలిక లోకంలో గురువులను పద్ధతిగా చదివించి తయారుచేయాలన్న నియమం 1563లో ట్రెంట్ మహాసభ చేసింది. ప్రతి మేత్రాసనంలో, అంటే ఒక బిషప్ పరిధిలోని ప్రాంతంలో, ఒక గురువిద్యాలయం ఉండాలన్నది ఆ శాసనం. గోవా అప్పటికే ఆ దారిలో కొంత నడిచింది. 1541లో పాత గోవాలో మొదలైన సంస్థ, మరుసటి ఏడు పునీత ఫ్రాన్సిస్ జేవియర్ వచ్చాక, సెయింట్ పాల్ కళాశాలగా జెస్విట్ల చేతికి వచ్చింది. 1556లో భారతదేశపు తొలి ముద్రణాయంత్రం ఆ కళాశాలలోనే పనిచేయడం మొదలుపెట్టింది. సాష్టి ప్రాంతానికి విడిగా ఒక కళాశాల కావాలని 1574లో మడ్‌గావ్‌లో కట్టారు. కొన్నేళ్లకే బీజాపూర్ సేనల దాడిలో అది పాడైంది. కోట నీడన ఉంటే భద్రమని రాచోల్‌కు మార్చారు. ఇప్పుడు మనం చూసే కట్టడానికి 1606లో పునాది వేసి 1610 నాటికి పూర్తిచేశారు. మొదట సకల పునీతుల పేరు, తర్వాత జెస్విట్ సభ స్థాపకుడు పునీత ఇగ్నేషియస్ లొయోలా పేరు పెట్టారు. ఇంటి పక్కనున్న చర్చి ఇప్పటికీ ఇగ్నేషియస్ పేరుతోనే ఉంది. అప్పట్లో ఇది పిల్లల బడి, ఆసుపత్రి, అచ్చుకూటం. దీనితోపాటు విదేశాల నుంచి వచ్చిన వేదబోధకులు కొంకణి నేర్చుకునే చోటు కూడా.

ఆ మరాఠీ కావ్యం రాసిన థామస్ స్టీఫెన్స్ కథ ఇక్కడే మొదలవుతుంది. ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో సుమారు 1549లో పుట్టాడు. కతోలికులకు అక్కడ గడ్డురోజులు రావడంతో రోమ్ వెళ్లి జెస్విట్ సభలో చేరాడు. 1579 ఏప్రిల్‌లో లిస్బన్‌లో ఓడ ఎక్కి అక్టోబరులో గోవాలో దిగాడు. మన దేశంలో స్థిరపడిన తొలి ఆంగ్లేయుడిగా చరిత్ర ఆయన్ని గుర్తిస్తుంది. తర్వాత దాదాపు నలభై ఏళ్లు, 1619లో చనిపోయేదాకా, ఆయన బతుకు ఎక్కువగా ఈ సాష్టి ఊళ్లలోనే గడిచింది. ఈ కళాశాలకు అధిపతిగా కూడా ఉన్నాడు.

1583 జూలైలో సాష్టి దక్షిణాన కుంకోళి గ్రామంలో ఐదుగురు జెస్విట్లను ఊరివాళ్లు చంపేశారు. వాళ్లలో అక్బరు ఆస్థానంలో ఉండి వచ్చిన రొడోల్ఫో అక్వావివా ఒకడు. గుళ్లు కూల్చిన గాయం ఆ ఊళ్లో అప్పటికింకా పచ్చిగా ఉంది. పోర్చుగీసులు దీనికి ప్రతీకారంగా ఊరి పెద్దలను మాటలకని అసోల్నా కోటకు పిలిపించి చంపించారు. చనిపోయిన తన సహచరుల దేహాలను తీసుకురావడానికి వెళ్లింది స్టీఫెన్సే. అదే ఏడు అక్టోబరులో తన సోదరుడికి రాసిన లేఖలో, ఇక్కడి భాషల నిర్మాణం గ్రీకు, లాటిన్ భాషలను పోలి ఉందని రాశాడు. కలకత్తాలో విలియం జోన్స్ ఇదే సంగతి ప్రకటించడానికి అది రెండు వందల ఏళ్ల ముందు. సహచరులను పోగొట్టుకున్న ఏడాదిలోనే, చంపినవాళ్ల భాషను ఆయన ఇంత శ్రద్ధగా, ఇంత గౌరవంగా చదువుతున్నాడు. ఈ రెండు సంగతులు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

నన్ను ఇక్కడికి లాగిన కావ్యం, క్రీస్తుపురాణం, ఆ శ్రద్ధ నుంచి పుట్టింది. జ్ఞానేశ్వరుడు, ఏకనాథుడు వాడిన ఓవీ ఛందస్సులో, సృష్టి మొదలు క్రీస్తు ఆరోహణం దాకా చెప్పిన పెద్ద కావ్యం. జ్ఞానస్నానం పొందినవాళ్లకు వినడానికి, పాడుకోవడానికి తమ భాషలో ఏదీ లేకుండా పోయిందని గమనించి దాన్ని రాశాడు. పురాణం విని పెరిగిన జనానికి పురాణమే ఇచ్చాడు. స్వర్గాన్ని వైకుంఠం అన్నాడు. మరాఠీ భాషను పొగుడుతూ ఆయన చెప్పిన పద్యాలను మరాఠీ సాహిత్య చరిత్రలు తప్పక తలుస్తాయి. 1616లో రాచోల్‌లో అచ్చయ్యాక 1649లో, 1654లో మళ్లీ అచ్చు వేశారు. ఆ మూడు ముద్రణల్లో ఒక్క ప్రతి కూడా ఇప్పుడు ఎక్కడా దొరకదు. రాతప్రతుల ఆధారంగా 1907లో మంగుళూరులో జోసెఫ్ సల్డాన్హా తెచ్చిన ప్రచురణ వల్ల అది మనదాకా వచ్చింది.

పుస్తకం మరాఠీదే అయినా అచ్చయింది రోమన్ లిపిలో. నాగరి అచ్చులు పోయించాలని స్టీఫెన్స్ కోరుకున్నాడు. 1608లో రోమ్‌లోని సభాధిపతికి రాసిన లేఖలో ఆ మాట ఉంది. హల్లుకు అచ్చు చేరినప్పుడల్లా రూపం మారుతుంది కాబట్టి వందలకొద్దీ దిమ్మెలు కావాలి. అదే అడ్డంకి అయింది. తెలుగు గుణింతాలు, వత్తులు సీసంలో పోసిన పాతకాలపు అచ్చుకూటాల వాళ్లకు ఈ కష్టం బాగా తెలుసు. మన తెలుగు మొదటిసారి అచ్చులోకి రావడానికి 1746 దాకా, అదీ జర్మనీలోని హాలే పట్టణంలో, ఆగవలసి వచ్చింది. స్టీఫెన్స్ కోరిక తీరలేదు గాని ఆయన పని ఆగలేదు. ఆయన రాసిన కొంకణి క్రైస్తవ బోధ 1622లో, కొంకణి వ్యాకరణం 1640లో, ఆయన పోయాక, ఇక్కడే అచ్చయ్యాయి. భారతీయ భాష ఒకదానికి అచ్చయిన తొలి వ్యాకరణంగా ఆ రెండో పుస్తకాన్ని చెప్పుకుంటారు.

ఇంకో సంగతి విన్నప్పుడు ఆశ్చర్యపోయాను. పోర్చుగల్‌లోని బ్రాగా నగర గ్రంథాలయంలో రోమన్ లిపిలో రాసిన కొన్ని పాత రాతప్రతులు ఉన్నాయి. అవి పదహారో శతాబ్దపు కొంకణి, మరాఠీ రామాయణ, మహాభారత కథలు. గోవా పండితుడు మరియానో సల్డాన్హా వాటిని వెలుగులోకి తెచ్చాడు. జెస్విట్లు భాష నేర్చుకోవడానికి ఊరి కథకుల నుంచి విని ఈ రాచోల్ కళాశాలలో ఎత్తిరాసుకుని ఉంటారని పండితుల భావన. కొంకణి వచనానికి ఇవాళ మనకు దొరికే అతి పాత నమూనాలు అవే. గుళ్లు పోయిన నేల మీద, ఆ గుళ్ల కథలు కాగితం మీద నిలబడింది ఇలాంటి చోటనే. ఒకే సంస్థ చేతిలో ఒక సంస్కృతి దెబ్బతినడం, అదే సంస్థ చేతిలో ఆ సంస్కృతి భాష నిలవడం రెండూ జరిగాయి. ఒకదాని పేరు చెప్పి రెండోదాన్ని మరిచిపోవడం న్యాయం కాదు.

ఇదే కాలంలో జెస్విట్లు మన వైపూ వచ్చారు. 1598లో చంద్రగిరిలో రెండో వేంకటపతిరాయల ఆస్థానానికి వెళ్లి ఆదరణ పొందారు. మదురలో రాబర్ట్ డి నొబిలి తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చాడు. తర్వాతి శతాబ్దంలో పుంగనూరు, కృష్ణాపురం ప్రాంతాల్లో పనిచేసిన ఫ్రెంచి జెస్విట్లు తెలుగులో పుస్తకాలు రాశారు. పద్ధతి అంతా రాచోల్‌ది వంటిదే. ముందు భాష, తర్వాత బోధ.

రాచోల్‌లో ఆ పద్ధతి నిలవలేదు. పదిహేడో శతాబ్దం గడిచేకొద్దీ భాష నేర్చుకునే ఓపిక గురువుల్లో తగ్గింది. 1684 జూన్‌లో వైస్రాయి అల్వోర్ కొంకణిని మూడేళ్లలో వదిలేసి జనమంతా పోర్చుగీసు మాట్లాడాలని ఉత్తర్వు వేశాడు. అచ్చుకూటాలు మూతపడ్డాయి. గోవాలో మళ్లీ అచ్చుయంత్రం కదిలింది 1821లోనే. మన దేశానికి అచ్చుయంత్రం తెచ్చిన చోట శతాబ్దం పైగా అచ్చు పుస్తకం పుట్టలేదు. ఉత్తర్వులు ఎన్ని వేసినా జనం ఇళ్లల్లో కొంకణి వదల్లేదు గాని, చదువుకున్నవాళ్ల భాష వేరు, ఊరి భాష వేరు అయిపోయాయి.

గురువు కావడానికి ఎవరు అర్హులన్న ప్రశ్న కూడా ఈ గోడల చుట్టూ చాలాకాలం తిరిగింది. 1575లో పేరో లూయిస్ అనే మలబారు బ్రాహ్మణుణ్ణి జెస్విట్లు తమ సభలోకి తీసుకున్నారు. తర్వాత చాలాకాలం మరో భారతీయుడికి ఆ తలుపు తెరవలేదు. దివార్ ద్వీపంలో పుట్టిన మాథ్యూస్ డి కాస్ట్రోకు గోవాలో గురుపట్టం ఇవ్వడానికి నిరాకరించారు. ఆయన భూమార్గాన రోమ్ వెళ్లి, అక్కడ చదివి, గురువై, 1637లో మేత్రాణులు, అంటే బిషప్, అయ్యాడు. బీజాపూర్‌తో మొదలై గోల్కొండ దాకా ఆయన అధికార పరిధి విస్తరించింది. గోల్కొండ రాజ్యంలో ఉన్న కతోలికుల మీద అధికారం ఒక గోవా బిడ్డకు దక్కింది. సొంత ఊరిలో మాత్రం ఆయనకు చోటు లేకపోయింది.

1759లో పోర్చుగల్ మంత్రి పొంబాల్ జెస్విట్లను రాజ్యమంతటి నుంచి వెళ్లగొట్టాడు. రాచోల్ ఖాళీ అయింది. 1761లో క్రైస్తవులైన స్థానికులకు పోర్చుగీసులతో సమాన హక్కులు ఇస్తూ శాసనం వచ్చింది. 1762లో ఈ ఇల్లు మంచి కాపరి పేరుతో మేత్రాసన గురువిద్యాలయమైంది. అక్కడి నుంచి ఇది ప్రధానంగా గోవా యువకుల బడి. ఇక్కడ చదివిన గురువులు బొంబాయి, సింహళం, మొజాంబిక్, బెంగాల్ దాకా వెళ్లి విచారణలు (చర్చి సంఘాలు) నడిపారు. శాసనంలోని సమానత్వం అమలులోకి రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది. పెద్ద పదవులు తమకు ఇవ్వడం లేదన్న ఆగ్రహంతో గోవా గురువులు కొందరు 1787లో పింటో తిరుగుబాటుకు ముందు నిలిచారు. పట్టుబడ్డ 47 మందిలో 17 మంది గురువులే. పదిహేను మందిని ఉరితీశారు. వలస పాలన మీద మన దేశంలో జరిగిన తొలి తిరుగుబాట్లలో దాని పేరు ఉండాలి. పాఠ్యపుస్తకాల్లో అది పెద్దగా కనబడదు.

చర్చి లోపల బంగారు పూత పీఠం ముందు కొంతసేపు కూర్చున్నాను. వేదసాక్షి కాన్‌స్టాంటైన్ అవశేషాలు ఇక్కడే ఉన్నాయి. బాలయేసు పీఠం ఒక పక్క ఉంది. ఆ బాలయేసు విగ్రహం మొదట కోల్వా ఊరిది. భద్రత కోసం ఇక్కడికి తెచ్చారు, తిరిగి ఇవ్వలేదు. కోల్వావాళ్లు తమకు వేరే విగ్రహం చేయించుకుని ఏటా అక్టోబరులో పెద్ద పండుగ చేసుకుంటారు. పునీతుడి కీర్తి ఉన్న ఫాదర్ ఆగ్నెలో డిసౌజా 1918 నుంచి ఇక్కడ విద్యార్థులకు ఆధ్యాత్మిక మార్గదర్శిగా ఉన్నాడు. 1927 నవంబరు 20న ఇక్కడే కన్నుమూశాడు. ఆయన సమాధి ఇప్పుడు పిలార్‌లో ఉంది. ఏ మతంవారైనా అక్కడికి వస్తారు.

నాకు ఈ ఇంటి బిడ్డల్లో అందరికంటే ఎక్కువ నచ్చినవాడు సెబాస్టియన్ రొడోల్ఫో దల్గాదో. 1855లో అసగావ్‌లో పుట్టి, రాచోల్‌లో చదివి గురువయ్యాడు. 1893లో కొంకణి-పోర్చుగీసు నిఘంటువు తెచ్చాడు. హితోపదేశాన్ని పోర్చుగీసులోకి అనువదించాడు. లిస్బన్‌లో సంస్కృతం బోధించాడు. 1913లో పోర్చుగీసు మాటలు ఆసియా భాషల్లోకి ఎలా పాకాయో చూపిస్తూ పెద్ద గ్రంథం రాశాడు. అందులో తెలుగు కూడా ఉంది. జబ్బువల్ల రెండు కాళ్లూ తీసేయవలసి వచ్చినా 1922లో చనిపోయేదాకా పని మానలేదు. 1684 ఉత్తర్వు తుడిచేయమన్న భాషకు, ఆ ఉత్తర్వు వేసిన రాజ్యపు రాజధానిలో కూర్చుని, రాచోల్ విద్యార్థి ఒకడు గౌరవం సంపాదించి పెట్టాడు.

1961 డిసెంబరు 19న గోవా భారతదేశంలో కలిసింది. రెండో వాటికన్ మహాసభ తర్వాత బలిపూజ లాటిన్ నుంచి కొంకణికి మారింది. 1978లో రౌల్ గొన్సాల్వెస్ గోవా అగ్రపీఠాధిపతి అయ్యాడు. ఆ పీఠం ఎక్కిన తొలి గోవా బిడ్డ ఆయన. అగ్రపీఠం ఏర్పడింది 1558లో. నాలుగు వందల ఇరవై ఏళ్లు పట్టింది. ఈ లెక్క ఒక్కటి చాలు, ఈ విద్యాలయం దాటి వచ్చిన దూరం తెలియడానికి.

ఇప్పటి చదువు గురించి బ్రదర్‌ను అడిగాను. కతోలిక చట్టం ప్రకారం గురువు కావాలంటే తత్వశాస్త్రానికి కనీసం రెండేళ్లు, వేదశాస్త్రానికి నాలుగేళ్లు చదవాలి. ముందు తత్వశాస్త్రం ఎందుకని అడిగాను.

“ప్రశ్న అడగడం వచ్చాకే కదా సార్ నమ్మకం గురించి మాట్లాడాలి. ప్లేటో, అక్వినాస్ చదువుతాం. శంకరుడు, రామానుజుడు, బుద్ధుడు కూడా చదువుతాం. రేపు నేను వెళ్లే ఊళ్లో సగం మంది ఇళ్లలో వీళ్లే ఉంటారు,” అన్నాడు.

ఆ కుర్రాడి మాటలో అతి వినయం లేదు, గర్వం లేదు. తన ఊరి మనుషులను తెలుసుకోవాలన్న కోరిక ఉంది. స్టీఫెన్స్ తరం మొదలుపెట్టిన పాఠం మళ్లీ దారిలో పడిందనిపించింది.

మధ్యాహ్నం బోరీ వంతెన మీదుగా జువారీ దాటి శిరోడా వెళ్లాను. కామాక్షీ దేవి ఆలయం ముందు ఎత్తైన దీపస్తంభం, శుభ్రమైన ముంగిలి, పసుపు కుంకుమల వాసన. కంచి కామాక్షి పేరు విని పెరిగిన నాకు ఆ ఊరు కొత్తగా అనిపించలేదు. రాయ్ నుంచి దేవి ఎలా వచ్చిందో పూజారిగారు చెప్పారు. ఆయన గొంతులో కోపం లేదు. రాయ్‌లోని కొన్ని క్రైస్తవ కుటుంబాలు ఇప్పటికీ వచ్చి దేవికి మొక్కు చెల్లిస్తాయని కూడా చెప్పారు. ఒక ఒడ్డు చూసి వెనక్కి వెళ్లే యాత్రికుడికి సగం చరిత్రే తెలుస్తుంది. రాచోల్ వెళ్లినవాళ్లు శిరోడా కూడా వెళ్లాలి, శిరోడా వెళ్లినవాళ్లు రాచోల్ చూడాలి.

నాలుగు శతాబ్దాల రాచోల్ చరిత్రలో నాకు కనిపించిన సారం ఒకటే. గురువు జనం దగ్గర కూర్చుని భాష నేర్చుకున్న కాలంలో ఈ ఇల్లు పుస్తకాలు కన్నది. భాషను ఉత్తర్వుతో మార్చాలనుకున్న కాలంలో గొడ్డుపోయింది. ఈ నేల బిడ్డలకే బోధనపీఠం దక్కాక మళ్లీ పండితులను, పుణ్యపురుషులను ఇచ్చింది. విద్యాలయం ఏ మతానిదైనా ఈ సూత్రం మారదు.

ఆ మాట మనకూ వర్తిస్తుంది. గోవావాళ్లు క్రీస్తుపురాణాన్ని, స్టీఫెన్స్ వ్యాకరణాన్ని మళ్లీ మళ్లీ అచ్చు వేసుకుని, చదివి, వాదించుకుంటున్నారు. మన తోభ్య చరిత్రము, వేదాంత రసాయనము పేరు విన్న తెలుగువాళ్లు ఎంతమంది? హైదరాబాద్ రామంతాపూర్‌లో సెయింట్ జాన్స్ ప్రాంతీయ గురువిద్యాలయం ఉంది, తెలుగు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, గుంటూరు, విజయవాడ మేత్రాసనాలు ఉన్నాయి. ఈ కావ్యాలకు మంచి టీకతో, చక్కటి అచ్చుతో కొత్త ప్రచురణలు తేవడం వాళ్లందరూ కలిసి చేయగలిగిన పని. తత్వశాస్త్రం, వేదశాస్త్రం చదివే తెలుగు బ్రదర్స్ చేతిలో ఆ పుస్తకాలు పెట్టండి. మీరు గోవా వెళ్తే సముద్రానికి ఒక పూట తగ్గించి జువారీ ఒడ్డుకు వెళ్లిరండి.